గనికి ఇచ్చిన చెరువు నీరు ‘వ్యాపార రహస్యం’ అంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ ఊరి పక్కన సున్నపురాయి గని ఉంది. చెరువు దగ్గర మోటార్లు బిగించి, పైపులైను వేసి గనికి నీరు తీసుకెళ్తున్నారు. ఎంత తీసుకుంటున్నారు, ఎవరి అనుమతితో, ఎన్నేళ్లకు అని పంచాయతీ కార్యదర్శిని అడిగితే పై నుంచి వచ్చిన వ్యవహారం అన్నారు. తహసీల్దారు కార్యాలయం నీటిపారుదల శాఖను అడగమంది. ఆ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే, ఒప్పందం కంపెనీ వ్యాపార రహస్యమని, సెక్షన్ 8(1)(డి) ప్రకారం ఇవ్వలేమని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఇక దారి ఏమిటని అడిగారు.

దారి ఉంది. భూగర్భ జలాల పనిలో ఉండి, ఆ తర్వాత గ్రామాల తరఫున ఇలాంటి దరఖాస్తులూ అప్పీళ్లూ రాస్తున్న అనుభవంతో చెబుతున్నాను. ఇలాంటి చోట్ల ఫైలు ఒక్క బీరువాలో తాళం వేసి ఉండదు. నాలుగైదు శాఖల మధ్య ముక్కలుగా ఉంటుంది. ప్రతి శాఖా తన దగ్గరున్న ముక్క గురించి మాట్లాడకుండా పక్క శాఖను చూపిస్తుంది. మొత్తం ఒప్పందం ఇవ్వమని ఒకే చోట అడిగినవారికి ఎప్పుడూ ఇదే జవాబు. ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకుని, ఆ కాగితాన్ని దాని పేరుతో అడిగితే పరిస్థితి మారుతుంది.

ముందు ఆ తిరస్కరణ సంగతి చూద్దాం. 8(1)(డి)ని చాలామంది అధికారులు సగమే చదువుతారు. వాణిజ్య గోప్యత, వ్యాపార రహస్యం, మేధా సంపత్తి అన్న మాటలు అందులో ఉన్న మాట నిజమే. కానీ ఆ సమాచారం బయటపడితే మూడో పక్షానికి, అంటే ఇక్కడ కంపెనీకి, పోటీలో హాని జరుగుతుందని తేలితేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. అప్పుడు కూడా విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వాల్సిందే. మీ చెరువులోంచి రోజుకు ఎన్ని లీటర్లు పోతున్నాయో తెలిస్తే పక్క జిల్లాలోని మరో గని యజమానికి కలిగే లాభం ఏమిటి? ఆ హాని ఏమిటో చూపించాల్సిన బాధ్యత మీది కాదు. సెక్షన్ 19(5) ప్రకారం, తిరస్కరణ సరైనదని నిరూపించుకోవలసింది అధికారే. కారణం రాయకుండా సెక్షన్ సంఖ్య మాత్రమే వేసి పంపడం సెక్షన్ 7(8)కి కూడా విరుద్ధం. అప్పీలులో ఈ రెండు సెక్షన్లను తప్పక ప్రస్తావించండి.

ఇంకొక విషయం దీనికంటే ముఖ్యమైనది. ఆ చట్టంలోనే సెక్షన్ 4(1)(బి) కింద 13వ అంశంగా, తాము ఇచ్చిన రాయితీలు, పర్మిట్లు, అనుమతులు పొందినవారి వివరాలను ప్రతి ప్రభుత్వ సంస్థ ఎవరూ అడగకుండానే ప్రకటించాలని ఉంది. నీటి కేటాయింపు అనుమతి కాకపోతే మరేమిటి? 2005 నుంచి తానే ప్రకటించి ఉండాల్సిన వివరాన్ని ఇప్పుడు రహస్యం అంటోంది ఆ కార్యాలయం. ఒప్పందంలో గోప్యత షరతు ఉందని వాదిస్తే సెక్షన్ 22 చూపించండి. అధికార రహస్యాల చట్టాన్ని కూడా తోసిరాజనే సెక్షన్ అది. ఇద్దరి మధ్య ఒప్పందంలో రాసుకున్న ఒక షరతు దాని ముందు నిలవదు.

కంపెనీని అడిగామని, వారు ఒప్పుకోలేదని కూడా కొందరు రాస్తారు. సెక్షన్ 11 ప్రకారం కంపెనీకి అయిదు రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పడానికి వారికి పది రోజులు ఉంటాయి. మొత్తం నలభై రోజుల్లో నిర్ణయం వెలువడాలి. అభ్యంతరం చెప్పే హక్కు కంపెనీకి ఉంది, ఆపే హక్కు లేదు. నిర్ణయం అధికారిదే. కంపెనీ విశ్వాసంతో మాకు ఇచ్చిన సమాచారం అంటూ 8(1)(ఇ) వాడితే, 2015 డిసెంబరులో రిజర్వు బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఉటంకించండి. నియంత్రించే సంస్థ తాను నియంత్రించేవారి ప్రయోజనాలకు కాపలాదారు కాదని, ప్రజలకు జవాబుదారీ అని ఆ తీర్పు చెప్పింది. గనికి నీరిచ్చే శాఖకు, బ్యాంకులను పర్యవేక్షించే రిజర్వు బ్యాంకుకు ఈ విషయంలో తేడా లేదు.

ఇక కాగితాలు. చెరువు నీరైతే మూలం నీటిపారుదల శాఖ. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని జలవనరుల శాఖ అంటారు. అక్కడ ఉండవలసినవి కేటాయింపు ఉత్తర్వు, కంపెనీతో కార్యనిర్వాహక ఇంజనీరు చేసుకున్న ఒప్పందం, మీటరు రీడింగుల రిజిస్టరు, నీటి ఛార్జీల డిమాండు నోటీసులు, కట్టిన రశీదులు. ఒప్పందం ఇవ్వకపోయినా డిమాండు నోటీసు ఇస్తారు, ఎందుకంటే అది ప్రభుత్వానికి రావలసిన సొమ్ము లెక్క. నోటీసులో పరిమాణం ఉంటుంది. ఒప్పందంలో మీకు కావలసినది కూడా చాలావరకు అదే. ప్రభుత్వ ఉత్తర్వుల వెబ్‌సైటులో కూడా వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో జీవోలను ఆ సైటులో పెట్టడం ఆపేసి, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. మీ గనికి అనుమతి ఆ మధ్యకాలంలో వచ్చి ఉంటే అక్కడ కనబడకపోవచ్చు. అప్పుడు తేదీల పరిధి ఇచ్చి సచివాలయంలోని సంబంధిత శాఖకే దరఖాస్తు చేయండి.

చెరువు కింద ఆయకట్టు ఉంటే నీటి వినియోగదారుల సంఘాన్ని మరవొద్దు. 1997 నాటి రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం ఆ సంఘాలను ఏర్పరచింది. ఆయకట్టు రైతుల నీటిని గనికి మళ్లిస్తున్నప్పుడు సంఘంలో ఎవరైనా సంతకం పెట్టారా, తీర్మానం ఉందా అన్నది ఊళ్లోనే తేలే విషయం. పంచాయతీలో తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుం లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

బోర్ల నీరైతే వేరే దారి. కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థకు రాయమని కొందరు సలహా ఇస్తారు. మన దగ్గర అది తిరిగి రాష్ట్రానికే వస్తుంది, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, నడుస్తోంది. బోరు అనుమతి తహసీల్దారు కార్యాలయం ద్వారా వస్తుంది. ఆ చోట నీరు తోడవచ్చా లేదా అన్న పరిశీలన నివేదికను భూగర్భ జలశాఖ ఇస్తుంది. ఆ నివేదిక ప్రతి తప్పక తీసుకోండి. కింది స్థాయి భూగర్భ శాస్త్రవేత్త రోజుకు ఇంతకు మించి తోడకూడదని రాసి, పై అనుమతిలో ఆ షరతు మాయమైన సందర్భాలు ఉంటాయి. అందుకే నేను ఎప్పుడూ ప్రతులకంటే ముందు ఫైలు పరిశీలన కోరతాను. సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇస్తుంది. నోట్ ఫైలు, అంటే అధికారులు తమ అభిప్రాయాలు రాసే పేజీలు, కూడా చూపించమని స్పష్టంగా రాయండి. ఎవరు అభ్యంతరం చెప్పారో, ఎవరు దాన్ని పక్కన పెట్టారో తెలిసేది అక్కడే.

చాలామంది అసలు తట్టని తలుపు కాలుష్య నియంత్రణ మండలిది. నా అనుభవంలో సమాచారం అన్నిటికంటే త్వరగా దొరికేది కూడా అక్కడే. గనికి మండలి ఇచ్చే నిర్వహణ అనుమతిలో, అంటే సీఎఫ్‌ఓలో, ఏ అవసరానికి రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీరు వాడవచ్చో రాసి ఉంటుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం సెక్షన్ 25 ప్రకారం, ఈ అనుమతుల షరతుల రిజిస్టరును మండలి నిర్వహించాలి. ప్రభావితులైన వారెవరైనా దాన్ని చూడవచ్చు. సమాచార హక్కు చట్టం కంటే మూడు దశాబ్దాల ముందే వచ్చిన హక్కు ఇది. దీనితో పాటు, గత ఆర్థిక సంవత్సరానికి పర్యావరణ ప్రకటనను ఏటా సెప్టెంబరు 30లోగా ఐదో నమూనాలో కంపెనీ మండలికి ఇవ్వాలి. అందులో నీటి వాడకం ఒక గడి. అంటే ఆ అంకెను కంపెనీయే సంతకం చేసి ఇస్తుంది.

పర్యావరణ అనుమతి సంగతి కూడా అంతే. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద గని అనుమతి తీసుకుని ఉంటే, దరఖాస్తులోనే నీటి అవసరం, నీటి మూలం చూపించి ఉంటారు. ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉంటే ఆ నివేదిక కలెక్టరు కార్యాలయంలోనూ జిల్లా పరిషత్తులోనూ ప్రజల పరిశీలనకు పెట్టి ఉంటారు. అనుమతి వచ్చాక దాని ప్రతిని పంచాయతీకి పంపాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. షరతులు ఎలా పాటిస్తున్నారో చెప్పే అర్ధ సంవత్సర నివేదికలను జూన్ 1కీ, డిసెంబరు 1కీ ఇవ్వాలి. అవి ప్రజా పత్రాలని ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. పర్యావరణ అనుమతుల పత్రాలు ఉండే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో కంపెనీ పేరుతో వెతికి చూడండి. గనుల అనుమతుల్లో మామూలుగా ఉండే ఒక షరతు ప్రకారం, చుట్టుపక్కల బావుల్లో నీటి మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలవాలి. వేసవిలో, వానాకాలంలో, వానల తర్వాత, చలికాలంలో. ఆ కొలతల పట్టిక అడగండి. అందులో మీ ఊరి బావుల పేర్లు ఉన్నాయా, నిజంగా ఎవరైనా వచ్చి కొలిచారా అన్నది మీకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఈ కాగితాల్లో ఒక్కటి చేతికి వచ్చినా మీ అప్పీలు బలం మారిపోతుంది. పర్యావరణ అనుమతి కోసం బహిరంగంగా రాసి ఇచ్చిన అంకె, నీటిపారుదల శాఖ బీరువాలోకి వెళ్లగానే వ్యాపార రహస్యం కాజాలదు. ఆ ప్రతిని అప్పీలుకు జత చేయండి.

అయితే నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే జవాబు వేరే ఉంది. ‘మా కార్యాలయంలో అటువంటి రికార్డు లేదు’ అన్న జవాబు. దాన్ని చూసి నిరాశపడి వదిలేసేవారు ఎక్కువ. పొరపాటు చేయకండి. గోప్యత వెనుక ఎప్పుడూ ఏదో దారుణమైన ఒప్పందమే ఉంటుందని అనుకుంటాం. తరచుగా అక్కడ ఒప్పందమే ఉండదు. నోటి మాట మీద మోటారు బిగిస్తారు, పంచాయతీలో ఒక నిరభ్యంతర పత్రం తీసుకుంటారు, నీటిపారుదల శాఖ కేటాయింపు ఉండదు. ప్రతి శాఖనూ దాని కాగితం పేరుతో అడిగి, కేటాయింపు ఉత్తర్వు లేదని నీటిపారుదల శాఖ, బోరు అనుమతి లేదని తహసీల్దారు, తీర్మానం లేదని పంచాయతీ సంతకం చేసి ఇస్తే, అనుమతి లేకుండా నీరు తీసుకుంటున్నారనడానికి ప్రభుత్వమే ఇచ్చిన సాక్ష్యం మీ చేతిలో ఉన్నట్టు. ఆ మూడు జవాబులూ జత చేసి కలెక్టరుకు ఫిర్యాదు ఇవ్వండి. జిల్లా స్థాయిలో వాల్టా అమలు బాధ్యత కూడా ఆయనదే.

ఫైలు కనబడటం లేదన్న జవాబు మాత్రం వేరు. కనబడకపోవడం సమాచార హక్కు చట్టంలో మినహాయింపు కాదు. విచారణ జరిపి, బాధ్యులను గుర్తించి, అవసరమైతే రికార్డును తిరిగి తయారు చేయాలని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. వేరే శాఖను అడగండని తిప్పి పంపడం కూడా కుదరదు. సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో వారే ఆ శాఖకు బదిలీ చేయాలి.

దరఖాస్తు రాసే తీరు గురించి రెండు మాటలు. ఎందుకు ఇచ్చారు, ఇది న్యాయమేనా అని అడగకండి. అలాంటి ప్రశ్నలకు జవాబిచ్చే బాధ్యత తమకు లేదని తప్పించుకుంటారు. ఇలా రాయండి: ‘ఫలానా గ్రామంలోని ఫలానా చెరువు నుంచి ఫలానా గనికి నీటి సరఫరాకు సంబంధించి, 2020 ఏప్రిల్ నుంచి ఈ రోజు వరకు మీ కార్యాలయం జారీ చేసిన కేటాయింపు ఉత్తర్వులు, ఒప్పందం, నెలవారీ మీటరు రీడింగులు, డిమాండు నోటీసులు, చెల్లింపు రశీదుల ప్రతులు ఇవ్వగలరు. సంబంధిత ఫైలును నోట్ ఫైలుతో సహా పరిశీలించడానికి తేదీ తెలపగలరు. ఏదైనా భాగం మినహాయింపు కిందికి వస్తుందని భావిస్తే సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తొలగించి మిగిలినది ఇవ్వగలరు.’ ఆ చివరి వాక్యం చాలా పని చేస్తుంది. ధర గోప్యమని వాదించినా పరిమాణం, గడువు, షరతులు ఇవ్వక తప్పదు. తెలుగులోనే రాయండి. కారణం చెప్పనవసరం లేదు. ఒకే వ్యక్తి పేరు మీద అన్ని దరఖాస్తులూ పెట్టకుండా నలుగురైదుగురు పంచుకోవడం మంచిది. గనిలో ఊరివాళ్లకే ఉద్యోగాలు ఉన్నప్పుడు ఒక్కడి మీద ఒత్తిడి పెట్టడం తేలిక.

అంకె చేతికి వచ్చాక దాన్ని ఊరికి అర్థమయ్యేలా మార్చాలి. ఉదాహరణకు రోజుకు 1,000 కిలోలీటర్లు అని ఉందనుకోండి. అది పది లక్షల లీటర్లు. జల జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే 18,000 మందికి పైగా సరిపోయే తాగునీరు. ఏడాదికి 3,65,000 ఘనపు మీటర్లు, దాదాపు 13 మిలియన్ ఘనపుటడుగులు. మీ చెరువు సామర్థ్యం ఎన్ని మిలియన్ ఘనపుటడుగులో శాఖ రికార్డులో ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూడండి. ఎకరం వరికి ఒక పంటకు సుమారు 5,000 ఘనపు మీటర్లు అనుకుంటే, 70 ఎకరాలకు పైగా తడి అది. గ్రామసభలో కిలోలీటర్లు చెబితే ఎవరూ తలెత్తరు. ఎకరాల్లో చెబితే ఆయకట్టు రైతులు వెంటనే లెక్క అడుగుతారు.

ట్యాంకర్ల సంగతి కూడా చూడండి. చెరువు మీద గొడవ మొదలైతే కొన్ని చోట్ల రైతుల బోర్ల నుంచి నీరు కొని ట్యాంకర్లలో తోలుతారు. వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత విద్యుత్తుతో నీరు తోడి అమ్మడం నిబంధనలకు విరుద్ధం. విద్యుత్ పంపిణీ సంస్థలు కూడా సమాచార హక్కు చట్టం కిందికే వస్తాయి. అయితే ఇక్కడ అమ్మేది మీ పక్కింటి రైతే కావచ్చు. పంట నష్టపోయి నీరు అమ్ముకుంటున్న వాడి మీద ముందుగా ఫిర్యాదు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పెద్దమనుషుల మధ్య మాట్లాడి ఆపించడం మేలు.

మీది షెడ్యూల్డు ప్రాంతమైతే ఇంకా బలమైన ఆధారాలు ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలంటుంది. చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి అంటుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంత గనుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆంధ్రప్రదేశ్‌ ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. ఒకటి గమనించండి, సున్నపురాయి ప్రధాన ఖనిజం కాబట్టి పెసాలోని చిన్న ఖనిజాల నిబంధన దానికి వర్తించదు. గ్రానైటు, కంకర క్వారీలకు వర్తిస్తుంది.

ఇలాంటి గోప్యత మన దగ్గరే ఉందనుకోవద్దు. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలోని ద డాల్స్ అనే చిన్న పట్టణంలో గూగుల్ డేటా సెంటర్లు వాడే నీటి లెక్క అడిగిన పత్రికకు నగరపాలక సంస్థ అది వ్యాపార రహస్యమని చెప్పింది. లెక్క ఇవ్వాలని జిల్లా అటార్నీ ఆదేశిస్తే, నగరపాలక సంస్థ 2021లో ఆ పత్రిక మీదే కోర్టుకు వెళ్లింది. ఏడాదికి పైగా సాగాక 2022 డిసెంబరులో కేసు వదులుకుని అంకెలు బయటపెట్టింది. 2021లో దాదాపు 35 కోట్ల 50 లక్షల గ్యాలన్లు, ఊరి మొత్తం వాడకంలో పావు వంతుకు పైగా. ఆ అంకె బయటపడినందుకు కంపెనీ మూతపడలేదు, పోటీలో వెనకబడలేదు. అధికారులు చెప్పే ‘హాని’ ఎంత నిజమో చూపడానికి అప్పీలులో ఇది పనికొచ్చే ఉదాహరణ. ఆస్ట్రేలియాలో అదానీ సంస్థ కార్మైకేల్ బొగ్గు గనికి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2017లో ఇచ్చిన భూగర్భ జలాల లైసెన్సు 2077 వరకు ఉంది, పరిమాణానికి గరిష్ఠ హద్దు లేదు. అదే గని కోసం ఏడాదికి 1,250 కోట్ల లీటర్ల నది నీటిని తరలించే పథకం మీద పర్యావరణ సంస్థ కోర్టుకు వెళితే, ప్రజలు పంపిన అభ్యంతరాలను సరిగా పరిశీలించలేదని అక్కడి కేంద్ర ప్రభుత్వం 2019లో ఒప్పుకుంది. అక్కడి ప్రజలు గెలిచింది కాగితం పట్టుకునే.

కాలం మీ పక్షాన ఉండదని కూడా గుర్తుంచుకోండి. పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు, తగిన కారణం ఉంటే మరో 60 రోజులు. మన రాష్ట్రాలకు చెన్నై ధర్మాసనం. అనుమతి కాగితాన్ని పంచాయతీ గోడ మీద అతికించకుండా దాచడం వల్ల ఊరికి జరిగే అసలు నష్టం ఇదే. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ప్రతి అనుమతి మీదా తేదీ చూసి, అది ఊరికి నిజంగా ఎప్పుడు తెలిసిందో ఆధారంతో రాసిపెట్టుకోండి.

మీ బావుల్లో నీటి మట్టం కొలవడం కూడా ఈ వారమే మొదలుపెట్టండి. తాడుకు బరువు కట్టి, నెలకోసారి ఒకే సమయంలో, మోటారు నడపకముందు కొలిచి నోటుపుస్తకంలో తేదీతో రాసి, ఇద్దరితో సంతకం పెట్టించాలి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు దగ్గర కె.కె. కొట్టాల రైతులు బోర్ల నీరు పాడైందని ఏళ్ల తరబడి మొరపెట్టుకోవలసి వచ్చింది. గనికి ముందు నీరు ఎలా ఉండేదన్న లెక్క ఊరి చేతిలో ఉంటే వాదన ఎక్కడైనా బలంగా ఉంటుంది.

ఇప్పుడు మీ తిరస్కరణ లేఖ తీసి, అది అందిన తేదీ చూడండి. మొదటి అప్పీలుకు అక్కడి నుంచి 30 రోజులు. అదే కార్యాలయంలోని పై అధికారికి పంపాలి. వారు 30 రోజుల్లో, ఆలస్యమైతే కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, మళ్లీ తిరస్కరించినా 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అందులో సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 వరకు జరిమానా కోరండి. కమిషన్‌లో ఆలస్యం అవుతుంది కాబట్టి అప్పీలు పంపిన రోజే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి సీఎఫ్‌ఓ, ఐదో నమూనా ప్రతుల కోసం కొత్త దరఖాస్తు పెట్టండి. లేఖ ప్రతిని పేర్లు తొలగించి ఇక్కడ పెడితే అప్పీలు ముసాయిదా రాసి ఇస్తాను.